పక్కింటి గోల భరించలేక గడువుకు ముందే ఇల్లు ఖాళీ చేయాలంటే

రాత్రి రెండింటికి పై ఫ్లోరులో కుర్చీలు ఈడ్చిన చప్పుడుకి మెలకువ వస్తుంది. మళ్ళీ నిద్ర పట్టదు. తెల్లారగానే "ఈ నెలాఖరుకి ఖాళీ చేసేస్తున్నాం" అని ఓనరుకి మెసేజీ పెట్టేస్తారు చాలామంది. ఆ కోపం న్యాయమైనదే, కానీ ఆ ఒక్క మెసేజీ తెచ్చే నష్టం పెద్దది. అగ్రిమెంటులో ఇంకా ఏడు నెలలు మిగిలి ఉండగా వెళ్ళిపోతామని రాసినవాళ్ళు, ఒప్పందం తప్పింది తామేనని తమ చేత్తోనే రాసిచ్చినట్టు అవుతుంది. డిపాజిట్ పట్టుకోవడానికి ఓనరుకి అంతకన్నా ఏం కావాలి? అదే ఆరు వారాల చప్పుడు లెక్క, తేదీలతో ఓనరుకి రాసిన రెండు ఉత్తరాలు, వాటికి జవాబు రాలేదన్న రుజువు చేతిలో ఉంటే సంభాషణ వేరేగా నడుస్తుంది. చప్పుడు ఎంత పెద్దదన్న దానికన్నా, ఆ సంగతి ఓనరుకి ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేశాడు అన్నదే చివరికి నిలబడే విషయం. ఇక్కడ చెప్పేవన్నీ ఆ రెండు ప్రశ్నలకీ కాగితం మీద జవాబు తయారుచేసుకోవడం కోసమే.

పెన్ను పట్టుకుని అగ్రిమెంటు చదవండి

ఆఖరి పేజీ దాకా చదివి, అయిదారు విషయాలు విడిగా రాసుకోండి. గడువు ఏ తేదీకి ముగుస్తుంది? లాక్-ఇన్ పీరియడ్ (ఈలోపు ఖాళీ చేయకూడదన్న కాలం) ఉందా, ఉంటే ఎన్నాళ్ళు? మధ్యలో వదిలేయడానికి వీలిచ్చే షరతు ఉందా, దానికి ఎన్ని నెలల నోటీసు, ఎంత పరిహారం? నోటీసు ఎలా ఇవ్వాలన్నారు, రిజిస్టర్డ్ పోస్టులోనా, ఈమెయిల్ చాలా? ఇల్లు వేరేవాళ్ళకి బదిలీ చేయొచ్చా, సబ్-లీజుకి ఇవ్వొచ్చా? మరమ్మతులు ఎవరి బాధ్యత?

లాక్-ఇన్ లేకపోతే, లేదా అది దాటిపోయి ఉండి, నెలో రెండు నెలలో నోటీసిస్తే చాలని రాసుంటే, గోల గురించి రుజువులు పోగేయాల్సిన పనే లేదు. అగ్రిమెంటులో చెప్పిన పద్ధతిలోనే నోటీసిచ్చి, ఆ నెలల అద్దె కట్టి బయటపడండి. అక్కర్లేని చోట పక్కవాళ్ళ మీద ఫిర్యాదు రాసి పేచీ పెట్టుకోవడం వల్ల డిపాజిట్ ఆలస్యం కావడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఇంకో షరతు కూడా వెతకండి. "తోటి నివాసులకు ఇబ్బంది కలిగించరాదు" అని మీ అగ్రిమెంటులో ఉందంటే, అదే ఓనరుకి అద్దె కడుతున్న పక్క ఫ్లాటువాళ్ళ అగ్రిమెంటులో కూడా ఉండే అవకాశం ఎక్కువ. గోల చేసేవాళ్ళు ఎవరి ఫ్లాటులో ఉంటున్నారన్నది మీ బలాన్ని చాలావరకు తేల్చేస్తుంది. ఇద్దరి ఓనరూ ఒకరే అయితే, వాళ్ళని అదుపు చేసే అధికారం చేతిలో ఉండీ వాడలేదని మీరు గట్టిగా అడగొచ్చు. వాళ్ళ ఓనరు వేరైతే మీ ఓనరు చేయగలిగింది అసోసియేషన్‌కీ ఆ ఓనరుకీ రాయడం వరకే. ఆ మాత్రం కూడా చేయలేదని చూపించగలగాలి. వీధి అవతల కట్టుబడి పనో, రాత్రంతా తెరిచి ఉండే హోటలో అయితే ఓనరు మీద నెట్టడం కష్టం. అప్పుడు బేరమే దారి.

ఏ చప్పుడు లెక్కలోకి వస్తుంది, ఏది రాదు

ఇంగ్లీషు న్యాయ సంప్రదాయం ఉన్న దేశాల్లో అద్దెకున్నవాళ్ళకి "క్వైట్ ఎంజాయ్‌మెంట్" అనే హక్కు ఉంది. పేరు చూసి నిశ్శబ్దానికి హామీ అనుకుంటారు. కాదు. అద్దె కడుతున్నంత కాలం ఇంటిని అడ్డంకి లేకుండా అనుభవించే హక్కు అది. భారతదేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉన్నదీ ఇదే. బ్రిటన్‌లో 1999లో, లండన్‌లోని సదర్క్ కౌన్సిల్ అనే స్థానిక సంస్థ అద్దెకిచ్చిన ఇళ్ళ కేసు అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. గోడలు మరీ పలచన, పక్కింటి టీవీ, మాటలు, అడుగుల చప్పుడు అన్నీ వినిపిస్తున్నాయి. అయినా అద్దెదారులు ఓడిపోయారు. పక్కవాళ్ళు మామూలుగా బతుకుతున్నారు, కట్టడం మొదటినుంచీ అలాగే ఉంది, కాబట్టి ఓనరు మాట తప్పినట్టు కాదన్నారు. మన చేతిలో ఉన్న కేసు ఏపాటిదో అంచనా వేసుకునేటప్పుడు ఇది గుర్తుండాలి. పసిపిల్లల ఏడుపు, పగటిపూట నడక, వంటింట్లో గిన్నెల చప్పుడు ఎంత చిరాకు పెట్టినా ఒప్పందం నుంచి బయటపడేయవు.

బరువు ఉండేవి వేరు: రాత్రివేళ మళ్ళీ మళ్ళీ వచ్చే పెద్ద సంగీతం, అరుపులూ కొట్లాటలూ, గంటల తరబడి ఆగని కుక్క మొరుగుడు, ఇంట్లో నడిపే మెషీన్ల పని, కావాలని గోడలూ తలుపులూ బాదడం, బెదిరింపులు. వేళ, తరచుదనం, ఎంతసేపు అన్నవి మూడూ కలిసి చూస్తారు. భారతదేశపు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకి పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45. మీరుండే చోట ఇలాంటి రాత్రి వేళల నియమం ఏదుందో కనుక్కుని ఆ అంకెనే ఫిర్యాదులో రాయండి. బిల్డింగు సొంత నియమాల్లో వేళలు రాసుంటే ఇంకా మంచిది, ఎందుకంటే వాటిని అమలు చేయాల్సింది మీరు ఉత్తరం రాస్తున్నవాళ్ళే.

వేలు చూపించే ముందు చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో రూఢి చేసుకోండి. కాంక్రీటులో చప్పుడు స్లాబు వెంట, పిల్లర్ల వెంట, పైపుల వెంట పాకుతుంది. నెత్తి మీద వినిపించేది ఒక్కోసారి పక్క వరస పై ఫ్లాటుది అవుతుంది. కారిడార్‌లోకి వెళ్ళి ఏ తలుపు దగ్గర పెరుగుతోందో వినండి. ఒకే తీరులో గుయ్‌మంటూ సాగి, గంటకోసారి ఆగి మళ్ళీ మొదలయ్యేది మనుషులది కాదు, పంపు లాంటి మోటారుది. కుళాయి కట్టేసినప్పుడల్లా గోడలో "ఠప్" మంటే అది పైపులో నీటి దెబ్బ. ఇలాంటిది తేలితే ఒకరకంగా మీకు మేలే: పొరుగువాళ్ళ నడవడి గురించి వాదించక్కర్లేదు, మరమ్మతు చేయించమని అడగొచ్చు. చాలా అగ్రిమెంట్లలో ఆ బాధ్యత సూటిగా ఓనరుది, చేయించకపోతే వేలెత్తి చూపడం తేలిక.

చప్పుడు లెక్క

కనీసం మూడు నాలుగు వారాలు, వీలైతే ఆరు వారాలు రాయండి. తర్వాత కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసింది వేరు, జరిగిన రాత్రే రాసింది వేరు. చదివేవాళ్ళకి తేడా తెలిసిపోతుంది. "రాత్రంతా భయంకరమైన గోల, అసలు నిద్ర లేదు" అని రాస్తే ఎవరూ దేన్నీ సరిచూడలేరు. ఇలా ఉండాలి:

"మార్చి 4, రాత్రి 11:40 నుంచి 1:25. పై ఫ్లాటు. స్పీకర్ల బేస్, పాట మాటలు తెలియడం లేదు, దెబ్బలు మాత్రమే. పడకగది తలుపు, కిటికీలు మూసి ఉన్నాయి. మంచం పక్క బల్ల మీద గ్లాసులో నీళ్ళు అదురుతున్నాయి. 12:10కి సెక్యూరిటీకి ఫోన్ చేశాం. 12:30కి తగ్గింది, 12:45కి మళ్ళీ మొదలైంది. పాప రెండుసార్లు లేచింది."

ఇందులో ఒక్క విశేషణం లేదు, అయినా ఆ గది కళ్ళకి కడుతుంది. ఫోన్ చేసిన సమయం సెక్యూరిటీ రిజిస్టరులోనో మీ కాల్ లిస్టులోనో దొరుకుతుంది కాబట్టి మిగతా మాటలకీ నమ్మకం వస్తుంది. చప్పుడు లేని రాత్రుల్ని కూడా రాయండి. "మార్చి 5 నుంచి 7 వరకు ఏమీ లేదు" అన్న వరస మీరు అతి చేయడం లేదని చెబుతుంది.

ఫోనులో డెసిబెల్ యాప్ వాడొచ్చు. కోర్టులో తిరుగులేని సాక్ష్యం అవుతుందని ఆశ పెట్టుకోకండి, కానీ ఓనరుతో మాట్లాడేటప్పుడు అంకెకి విలువ ఉంటుంది. ఫ్యాను, ఏసీ ఆపండి. ఫోను గది మధ్యలో, గోడలకి మీటరు దూరంలో, కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తులో పెట్టండి. ముందు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పది నిమిషాలు కొలవండి, తర్వాత గోల ఉన్నప్పుడు అదే చోట, అదే ఫోనుతో కొలవండి. చూపించాల్సింది రెండింటి మధ్య తేడా. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు అయినట్టు ఉంటుంది. 32 ఉన్న గది 51 అయిందంటే నాలుగు రెట్లకి దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పడకగదిలో రాత్రి సగటు 30, ఒక్కో చప్పుడు 45 దాటకూడదని చెప్పింది. ఈ రెండు అంకెల్నీ మీ కొలతల పక్కనే పెట్టండి.

యాప్ తడబడే చోట్లు రెండు. బేస్ దెబ్బల్ని మామూలు డీబీ-ఏ కొలత బాగా తక్కువ చేసి చూపిస్తుంది, ఎందుకంటే ఆ లెక్కలో మంద్ర శబ్దాల బరువు తగ్గించేస్తారు. యాప్‌లో ఆ బరువు అంతగా తగ్గించని డీబీ-సి కొలత ఉంటే రెండూ రాయండి. మంచం కోళ్ళు ఈడ్చడం, బంతి కొట్టడం లాంటి పొట్టి చప్పుళ్ళు సగటులో మాయమైపోతాయి; వాటికి గరిష్ఠ విలువ, గంటలో ఎన్నిసార్లు అన్నదే రాయాలి.

రికార్డింగు మీ ఇంట్లోంచే చేయండి. గోడకి మైకు ఆనించి పక్కవాళ్ళ మాటలు రికార్డు చేస్తే చాలా చోట్ల అదే నేరం, అప్పుడు ఫిర్యాదుదారు స్థానం నుంచి నిందితుడి స్థానానికి వస్తారు. చీపురు కర్రతో పైకప్పు పొడవడం, పోటీగా పాటలు పెట్టడం కూడా వద్దు. ఒక్కసారి చేసినా "ఇద్దరూ ఇద్దరే" అని ఓనరు చేతులు దులిపేసుకుంటాడు. బిల్డింగు వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి తిట్టినా అంతే.

ఎవరికి, ఏ వరసలో చెప్పాలి

మొదట పొరుగువాళ్ళకే, పగటిపూట, గోల లేని సమయంలో. చాలాసార్లు తమ స్పీకరు కింద ఫ్లోరుకి అంతగా వినిపిస్తుందని వాళ్ళకి నిజంగానే తెలియదు. స్పీకరు నేల మీంచి తీసి రబ్బరు ప్యాడ్ మీద పెట్టడం, కుర్చీ కాళ్ళకి ఫెల్టు ముక్కలు అతికించడం వంటివాటితో తీరిపోయే గొడవలు ఉన్నాయి. మాట్లాడి వచ్చాక ఆ తేదీ లెక్కలో రాయండి. వాళ్ళు బెదిరించే మనుషులైతే, తాగి తలుపు కొట్టేవాళ్ళయితే ఈ మెట్టు వదిలేయండి. ఎవరి తలుపూ తట్టొద్దు, అలాంటప్పుడు నేరుగా పోలీసులకే.

తర్వాత అసోసియేషన్ లేదా మేనేజరు, దానితోపాటే ఓనరు. నోటిమాటగా కాదు, రాతలో. ఫోనులో మాట్లాడితే ఆ సాయంత్రమే "ఇవాళ ఫోనులో అనుకున్నట్టు..." అని ఒక మెయిలు పెట్టండి. ఉత్తరంలో కోపం కన్నా గడువు ముఖ్యం. నమూనా:

"మీ 302వ ఫ్లాటులో అద్దెకి ఉంటున్నాం. ఫిబ్రవరి 20 నుంచి మార్చి 20 వరకు 402 నుంచి 13 రాత్రులు 11 గంటల తర్వాత పెద్ద సంగీతం, అరుపులు వచ్చాయి. తేదీలు, వేళలు జతపరిచాం. మార్చి 1న వాళ్ళతో, మార్చి 6న అసోసియేషన్‌తో మాట్లాడాం, మార్పు లేదు. దీనివల్ల పడకగదిని పడకగదిగా వాడుకోలేకపోతున్నాం. ఈ ఉత్తరం అందిన 14 రోజుల్లోగా దీన్ని ఆపించడానికి మీరు తీసుకునే చర్యలేమిటో రాతపూర్వకంగా తెలపండి."

"పడకగదిగా వాడుకోలేకపోతున్నాం" అన్న వాక్యం తీసేయకండి. చిరాకుగా ఉంది అనడానికీ, అద్దె కడుతున్న గది పనికి రావడం లేదు అనడానికీ చట్టం దృష్టిలో చాలా దూరం ఉంది. ఖాళీ చేస్తామన్న మాట మొదటి ఉత్తరంలో అసలు రానివ్వొద్దు. సరిచేయమని అడిగినట్టే ఉండాలి. 14 రోజులు దాటాక రెండో ఉత్తరంలో పాత తేదీలూ కొత్త తేదీలూ పెట్టి, ఈసారి 7 రోజులు ఇచ్చి, సరికాకపోతే ఒప్పందం ముగించే విషయం మాట్లాడాల్సి వస్తుందని రాయండి. ఈ మధ్యలో రాత్రి గోలకి పోలీసులకో పురపాలక సంస్థకో ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. నంబరు లేని ఫిర్యాదు చేయనట్టే లెక్క.

అద్దె ఆపకండి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు. జర్మనీలో సివిల్ కోడ్ 536వ సెక్షన్ ప్రకారం ఇంటి వాడకం దెబ్బతిన్నంత మేర అద్దె తగ్గుతుంది. అక్కడ కూడా అతిగా తగ్గించుకుంటే బకాయిదారు అవుతారు. అలాంటి చట్టం లేని చోట అద్దె ఆపితే ఒప్పందం తప్పింది మీరే అవుతారు, ఆరు వారాల లెక్క చెత్తబుట్టలోకి పోతుంది. కావాలంటే "అభ్యంతరంతో చెల్లిస్తున్నాం" అని రాసి కట్టండి.

బేరం

చాలా కేసులు ముగిసేది ఇక్కడే, ముగియాల్సిందీ ఇక్కడే. ఓనరు వైపు నుంచి లెక్క వేయండి. మిగిలిన ఏడు నెలల అద్దె అతనికి కాగితం మీద లాభం. అసలు భయం ఇల్లు ఖాళీగా పడి ఉండే ఒకటి రెండు నెలలు, మళ్ళీ రంగులు, కొత్తవాళ్ళని వెతికే ఖర్చు. మీరు తీర్చాల్సింది ఆ భయాన్నే. మొదట పరిహారం లేకుండా వదిలేయమని అడగండి, ఫైలు ముందు పెట్టి. కాదంటే, కొత్తవాళ్ళు దొరికేవరకు గరిష్ఠంగా ఒక నెల అద్దె, ఇల్లు చూడడానికి వచ్చేవాళ్ళకి వారంలో ఫలానా వేళల్లో తలుపు తీయడం, ఇల్లు శుభ్రంగా అప్పగించడం ఇస్తామనండి. అదే ఓనరుకి వేరే ఫ్లాటు ఖాళీగా ఉంటే అక్కడికి మారతామనడం కూడా మంచి అడుగు. మీరే కొత్త అద్దెదారుని తీసుకొస్తే పని త్వరగా అవుతుంది, కానీ పై ఫ్లాటు సంగతి వాళ్ళకి దాచొద్దు. మనం పడ్డ బాధ తెలిసి తెలిసి ఇంకొకరి నెత్తిన పెట్టకూడదన్నది ఒకటి. దాచినట్టు తేలితే ఆ గొడవ మళ్ళీ మీ దగ్గరికే రావచ్చన్నది రెండోది.

ఒప్పుకున్నాక నోటిమాటతో కదలకండి. ఒక్క పేజీ చాలు: ఒప్పందం ఏ తేదీతో ముగుస్తుంది, ఏ తేదీ వరకు అద్దె కట్టారు, పరిహారం ఉంటే ఎంత, డిపాజిట్ ఎంత, దాన్ని ఏ తేదీలోగా ఎలా తిరిగిస్తారు, ఏవి మినహాయిస్తారు, ఆపైన ఒకరి మీద ఒకరికి ఏ బాకీలూ లేవు. అసలు అగ్రిమెంటులో సంతకం చేసిన అందరూ ఇందులోనూ చేయాలి. ఇద్దరు కలిసి తీసుకున్న ఇంట్లో ఒకరే సంతకం పెట్టి వెళ్ళిపోతే రెండోవారి నెత్తిన మొత్తం అద్దె పడుతుంది. హామీదారు ఉంటే వారి పేరు కూడా విడిపించండి. ఈ వాక్యం మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

ఓనరు ఒప్పుకోకపోతే

అప్పుడే ఆ చోటి చట్టం తెలిసిన వకీలుకి ఫైలు చూపించాలి, ఖాళీ చేయడానికి ముందు. అమెరికాలో "కన్‌స్ట్రక్టివ్ ఎవిక్షన్" అనే సూత్రం ఉంది: ఓనరు బాధ్యత వహించాల్సిన పరిస్థితి వల్ల ఇల్లు ఉండదగ్గది కాకుండా పోతే, ఓనరే వెళ్ళగొట్టినట్టు లెక్క. దానికి కోర్టులు సాధారణంగా చూసేవి: ఇబ్బంది తీవ్రమైనదా, ఓనరుకి చెప్పి సరిచేసే సమయం ఇచ్చారా, ఆ తర్వాత సమంజసమైన కాలంలోనే ఖాళీ చేశారా. ఈ చివరిది గమనించండి. ఉండలేమని రాసి ఇంకో ఎనిమిది నెలలు అక్కడే ఉంటే, ఉండగలిగారు కదా అంటారు. జర్మనీలో అదే సివిల్ కోడ్ 543వ సెక్షన్ కింద గడువుకు ముందే తెంచుకోవచ్చు, దానికీ సాధారణంగా ముందు గడువు పెట్టి అడిగి ఉండాలి. దేశం ఏదైనా ఆ ఉత్తరాల వరసే అడుగుతారు.

ఓడిపోతే ఎంత పోతుందో కూడా ముందే వేసుకోండి. చాలా చోట్ల మీరు వెళ్ళాక ఓనరు ఇల్లు ఊరికే ఖాళీగా ఉంచి ఏడు నెలల అద్దె వసూలు చేయలేడు, కొత్తవాళ్ళకి ఇవ్వడానికి తగిన ప్రయత్నం చేయాలి. ఈ బాధ్యత లేని చోట్లూ ఉన్నాయి. వకీలుని మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే, మీ గరిష్ఠ నష్టం రెండు నెలలా, ఏడు నెలలా అన్నది దీంతో తేలుతుంది.

తాళాలు ఇచ్చే రోజు

సామానంతా తీసేశాక, ఖాళీ గదుల్ని పగటి వెలుతురులో వీడియో తీయండి: గోడలు, నేల, బాత్రూం, కుళాయిలు తిప్పి చూపిస్తూ. కరెంటు, నీళ్ళు, గ్యాసు మీటర్ల అంకెలు ఫొటో తీయండి. తాళం చెవులు ఎన్నో లెక్కపెట్టి, "ఫలానా తేదీన 4 తాళం చెవులు అందాయి" అని ఓనరు సంతకం తీసుకోండి. ఓనరు రాకపోతే రశీదు దొరికే పద్ధతిలో పంపండి. తాళం అందిన రుజువు లేకపోతే ఇల్లు ఇంకా మీ చేతిలోనే ఉందని అద్దె లెక్క సాగదీయొచ్చు. కొత్త చిరునామా, బ్యాంకు ఖాతా వివరాలు అదే రోజు రాసివ్వండి. డిపాజిట్ ఇస్తామన్న తేదీ దాటితే మర్నాడే ఒక ఉత్తరం పంపండి, మొత్తం, గడువు, ఆ ఒక్క పేజీ నకలు జతచేసి.